తువ్వాలు మీది చుక్కలు

పొద్దున్నే ముఖం కడుక్కున్నాక జంపక్క చేసే మొదటి పని దండెం మీది తెల్ల తువ్వాలు తీసి దులపడం. దాన్ని పెరట్లో తేనెటీగల పెట్టెల ముందు, నాలుగడుగుల దూరంలో నేల మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెడుతుంది. తరువాత పొయ్యి అంటించి జావ కాస్తుంది. జావ ఉడికేలోగా ఎండ పెట్టెల మీద పడుతుంది. ఈగలు ఒకదాని వెనక ఒకటి మూతుల్లోంచి వచ్చి అడవి వైపు ఎగిరిపోతాయి. జంపక్క గిన్నె చేతిలో పట్టుకుని వచ్చి తువ్వాలు పక్కన కూర్చుంటుంది. అప్పటికి దాని మీద పదో పదిహేనో చుక్కలు పడి ఉంటాయి, ఆవగింజంత, పసుపు రంగువి. వాటిని ఒక్కొక్కటే చూసుకుంటూ జావ తాగుతుంది.

మద్దిగుంపులో దీన్ని జంపక్క పేపరు అంటారు. ఆమె మరిది రామన్న రోజూ చేనుకు పోతూ పెరటి దగ్గర ఆగుతాడు.

"ఇయ్యాల పేపర్ల ఏం రాసిండ్రు వదినా?"

"నీ పేరు లేదు, పో."

ఆ చుక్కలు తేనెటీగల మలం. ఆరోగ్యంగా ఉన్న ఈగ తన ఇంట్లో ఆ పని చేయదు. ముసురు పట్టి నాలుగు రోజులు బయటికి రాలేకపోయినా బిగబట్టుకుని ఉంటుంది. తెరిపి ఇవ్వగానే ఎగిరి వెళ్లి దూరంగా వదులుతుంది. చుక్క చిన్నగా, పసుపుగా ఉంటే కడుపు బాగున్నట్టు. గోధుమ రంగులో చారలా సాగి ఉంటే బాగాలేనట్టు. అలాంటి చారలే పెట్టె మూతి మీద కనిపిస్తే జావ పక్కన పెట్టి లేవాల్సిందే. ఇదంతా ఇప్పుడు ఊళ్లో అందరికీ తెలుసు. నాలుగేళ్ల కిందట జంపక్కకు కూడా తెలియదు. ఆ తెలియని రోజుల్లోనే పన్నెండు పెట్టెలూ ఒక్క సాయంత్రం కాలిపోవలసింది.

మద్దిగుంపు చర్ల దాటి అడవిలోకి పోయే దారిలో, వాగుకు అవతల ఉన్న ముప్పై ఇళ్ల కోయ ఊరు. జంపక్కకు నలభై ఆరేళ్లు ఉంటాయి. ఆధార్ కార్డులో యాభై రెండని ఉంది కానీ దాన్ని ఆమె ఒప్పుకోదు. తండ్రి మద్దిచెట్ల మీది పెద్ద తేనెపట్లు దింపేవాడు. కింద నిలబడి పొగ కాగడా పట్టడం ఆమె ఎనిమిదో ఏటే నేర్చుకుంది. మార్చి వస్తే ఇప్పచెట్ల కింద పువ్వు ఏరడం, ఎండాకాలం తునికాకు, వానలకు పోడు చేను, వీటన్నిటి మధ్య వాగులో పరిగెలు పట్టడం ఆమె జీవితం. పరిగెలంటే వేలెడంత కూడా లేని చేపలు. వాటిని కత్తితో బాగు చేయడం కుదరదు. జంపక్క రెండు బొటనవేళ్ల గోళ్లతో నొక్కి, పేగును తెగకుండా దారంలా లాగేస్తుంది. గంపెడు చేపలు గంటలో అవుతాయి. ఆ గోళ్లతో ఇంకో పని ఉంటుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ఐదేళ్ల కిందట మహిళా సంఘంలో ఆరుగురికి తలా రెండు తేనెటీగల పెట్టెలు వచ్చాయి. జంపక్క ఇల్లు అడవి అంచున ఉంది కాబట్టి పన్నెండూ ఆమె పెరట్లోనే వరుసగా పెట్టారు. ఏవి ఎవరివో తెలియడానికి మూతల మీద గుర్తులు పెట్టుకున్నారు. జంపక్కది సున్నపు బొట్టు. పక్కింటి ప్రమీలది మసిబొట్టు. అన్నిటినీ చూసే పని జంపక్కకు అప్పగించారు.

నేర్పించడానికి వచ్చినవాడు వెంకటకృష్ణ. పెనుబల్లి దగ్గర మామిడి తోటల్లో తేనెటీగలను పెంచే రైతు. వారానికి రెండు రోజులు భద్రాచలంలో ఉండి చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాడు. భారీ మనిషి, భుజాన ఎప్పుడూ తెల్ల తువ్వాలు. ఆయన గట్టిగా చెప్పిన మాట ఒకటుంది. వానాకాలం పూలు లేనప్పుడు ఈగలకు చక్కెర నీళ్లే పోయాలి, మరేదీ పోయకూడదు. ఎందుకో ఆయన చెప్పలేదు, వీళ్లు అడగలేదు.

మరుసటి ఏడు ఆగస్టులో తొమ్మిది రోజులు ముసురు పట్టింది. వాగు నిండి చర్లకు దారి మూసుకుపోయింది. పెట్టెలు ఎత్తి చూస్తే బరువు లేదు, లోపల తేనె అయిపోయింది. ఊళ్లో చక్కెర నిండుకుంది. ప్రమీల మాత్రం కూతురి పుట్టినరోజుకు దాచిన చక్కెర తీసి తన రెండు పెట్టెలకు పోసుకుంది. మిగిలిన పదీ ఆకలితో ఉన్నాయి.

జంపక్క కన్ను అటక మీది ఇప్పపువ్వు గంప మీద పడింది. ఎండిన పువ్వు కొరికితే ఇప్పటికీ తియ్యగా ఉంది. మనుషులు ఉడికించుకుని తింటారు, పశువులకు పెడితే బలం, ఈగలకు మాత్రం ఎందుకు పనికిరాదు అనుకుంది. కుండలో నానబెట్టి, పిసికి, వడకట్టి, కొబ్బరి చిప్పల్లో పోసి పది పెట్టెల్లోనూ పెట్టింది. ఈగలు ఎగబడి తాగాయి. వాన తగ్గాక సారుకు ఈ ఉపాయం చెప్పి మెప్పు పొందాలని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆ ఒక్క కుండలోని రసాన్నే నాలుగు రోజులు పోసింది.

పదో రోజు ఎండ వచ్చింది. పెట్టెల మూతుల మీద, ముందు చెక్కల మీద, మూతల అంచుల మీద గోధుమ రంగు చారలు. ఎవరో బురద చేత్తో తడిమినట్టు ఉంది. నేల మీద ఎగరలేని ఈగలు పాకుతున్నాయి. ముందుగా చూసింది ప్రమీల. రామన్న ఫోన్ పట్టుకుని సిగ్నల్ అందే బండ దాకా పరుగెత్తాడు.

వెంకటకృష్ణ ఆ రోజు భద్రాచలంలోనే ఉన్నాడు. ఆయన అడిగినవి రెండే ప్రశ్నలు. మరకలు మూతి మీద ఉన్నాయా, ఈగలు నేల మీద పాకుతున్నాయా. రెండిటికీ రామన్న అవ్ అన్నాడు.  రెండేళ్ల ముందు ఆయన తోటలో ఎనభై పెట్టెలు కడుపు జబ్బుతో పోయాయి. తగ్గుతుందేమోనని వారం ఆగినందుకు పక్క తోటల్లోవీ పోయాయి. అందుకే ఈసారి ఆగదలచుకోలేదు. మధ్యాహ్నానికి వస్తానని, పొద్దు వాలి ఈగలన్నీ లోపలికి చేరాక మూతులు మూసి పెట్టెలు కాల్చేయాలని చెప్పాడు. అడవిలోని ఈగలకు అంటుకుంటే కొండతేనె కూడా ఉండదని చెప్పాడు. కొండతేనె లేకపోతే మద్దిగుంపుకు ఏం మిగులుతుందో ఆయన చెప్పనక్కర్లేదు.

ఈ కథ ఎవరికి చెప్పినా ఇక్కడి నుంచి జంపక్క కూర్చోదు. లేచి నిలబడి, ఆ రోజు ఏ పెట్టె దగ్గర ఏం చూసిందో అక్కడికే నడిచి వెళ్లి చూపిస్తూ చెబుతుంది.

సారు వచ్చేలోగా ఆమె పెట్టెల వరుస ముందు అటూ ఇటూ తిరిగింది. మొదటి ఐదు పెట్టెలకూ చారలు ఉన్నాయి. చివరి ఐదింటికీ ఉన్నాయి. మధ్యలో ఉన్న ఆరు, ఏడు శుభ్రంగా ఉన్నాయి. వాటి మూతల మీద మసిబొట్లు. అవి ప్రమీలవి. అంటుజబ్బయితే ఐదో ఇంటి నుంచి మధ్య రెండిళ్లు వదిలేసి ఎనిమిదో ఇంటికి ఎలా దూకింది?

వేలితో ఒక చార తుడిచి వాసన చూసింది. పుల్లగా ఉంది. వెంటనే ఆ పెట్టె మూత తీసి కొబ్బరి చిప్ప బయటికి లాగి ముక్కు దగ్గర పెట్టుకుంది. అదే పులుపు. ఆ వాసన ఆమెకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఇప్పపువ్వు నీళ్లలో నాని రెండు రోజులు దాటితే ఏమవుతుందో ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఆమె ఈగలకు పోసింది తిండి కాదు, సారా కాచే పులిసిన రసం.  జబ్బు కాదు. పెట్టెలు కాల్చనక్కర్లేదు. కానీ ఆ మాట చెప్పాలంటే సంఘం ఆడవాళ్లందరి ముందూ తను చేసిన పని ఒప్పుకోవాలి.

వెంకటకృష్ణ బండి వాగు అవతల వదిలి, మోకాళ్ల లోతు నీళ్లలో కిరోసిన్ డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఆరుగురు ఆడవాళ్లూ, రామన్నా పెరట్లో చేరారు. జంపక్క ఆయన డబ్బా కింద పెట్టకముందే చెప్పేసింది.

"సారూ, కాల్చుడు ఆపుండ్రి. ఇది జబ్బు కాదు, నేను చేసిన పని. ఇప్పపువ్వు పిసికి పోసిన."

 ముందుగా తేరుకున్నది రామన్న. "మొన్న నేనడిగితే పువ్వు ఒడిసిందన్నవ్. ఈగలకైతే దావత్ ఇచ్చినవా వదినా?"

ఇద్దరు ముగ్గురు నవ్వు ఆపుకోలేకపోయారు. ప్రమీల నవ్వలేదు. "నిన్ను నమ్మి అందరం నీ పెరట్ల పెట్టినం అక్కా. ఒక్క మాట అడిగితే ఏంది? నేను చక్కెర పోసుకున్న, నావి సాఫ్‌గ ఉన్నయ్. నువ్వు చేసినదానికి నావి గూడ కాలాల్నా?"

జంపక్క చిప్ప తీసి వెంకటకృష్ణ చేతికిచ్చింది. ఆయన వాసన చూశాడు, చారలు చూశాడు, మధ్య రెండు పెట్టెలూ చూశాడు. ఆమె మాట నిజం కావచ్చని ముఖంలో తెలిసింది. కానీ తల అడ్డంగా ఊపాడు.

"తిండి వల్ల కావచ్చక్కా, కాదనను. కానీ జబ్బున్నా ఇలాంటి మరకలే పడతాయి. కడుపు లోపల చూస్తే తప్ప చెప్పలేం."

జబ్బు ఉన్న ఈగ పేగు తెల్లగా ఉబ్బి మెత్తబడుతుందట. లేని ఈగ పేగు గోధుమ రంగులో, మీద ఉంగరాలు చుట్టినట్టు గీతలతో ఉంటుందట. పరీక్షకు పంపితే వారం పడుతుంది. ఇక్కడే చూడాలంటే ఈగను చంపి, తోక కొన పట్టుకుని పేగును తెగకుండా బయటికి లాగాలి. ఆయన ఒక ఈగను పట్టి ప్రయత్నించాడు, పేగు తెగింది. ఇంకొకటి, అదీ తెగింది. మూడోదాని కడుపే చితికిపోయింది. మామిడికాయలు కోసే చేతులు ఆయనవి. 

జంపక్క దగ్గరికి వచ్చి చూసింది. "గింతేనా సారూ? పరిగె లెక్కనే ఉన్నది గద."

మొదటి పెట్టె మూతి దగ్గర ఒక ఈగను తడి వేళ్లతో పట్టుకుంది. తల నలిపి, ఛాతీని ఎడమచేతి గోళ్ల మధ్య నొక్కి పట్టి, కుడిచేతి గోళ్లతో తోక కొన పట్టుకుని మెల్లగా లాగింది. సన్నటి దారంలా పేగు మొత్తం బయటికి వచ్చింది. ప్రమీల మోదుగాకు ఒకటి తెంపి ముందు పెట్టింది. ఆకుపచ్చ మీద ఆ దారం స్పష్టంగా కనిపించింది. గోధుమ రంగు. మీద సన్నటి గీతలు. వెంకటకృష్ణ వంగి, కళ్లద్దాలు పైకి కిందికి జరిపి చూసి, ఇంకొకటి తీయమన్నాడు. ఇంకొకటి. అదీ గోధుమ రంగే.

పెట్టెకు మూడు ఈగల చొప్పున చూడాలని తీర్మానించారు. పొద్దు వాలేలోగా అన్నీ కావాలి. ఆడవాళ్లు మోదుగాకులు వరుసగా పరిచారు. రామన్న ఎవరూ చెప్పకుండానే లెక్క పిలవడం మొదలుపెట్టాడు, జాతరలో పాట పాడినట్టు, రెండో పెట్టె మూడో ఈగ, మూడో పెట్టె ఒకటో ఈగ అంటూ. జంపక్క వేళ్లు ఆగలేదు. రెండుసార్లు ఈగలు కుట్టినా తల తిప్పలేదు. నాలుగో పెట్టె అయింది, ఐదోది అయింది. మసిబొట్టు పెట్టెలు రెండూ వదిలి ఎనిమిదికి వెళ్లారు. ఎనిమిది గోధుమ రంగు. తొమ్మిది, పది. పదకొండో పెట్టె దగ్గరికి వచ్చేసరికి మిగతా ఐదుగురు ఆడవాళ్లూ ఆమె భుజాల మీదికి వంగి ఉన్నారు, వెలుతురు రావడం లేదని కసరాల్సి వచ్చింది. పన్నెండో పెట్టె మూడో ఈగ పేగు ఆకు మీద పడింది. గోధుమ రంగు, గీతలు.

ముప్పై ఈగలు. ఒక్కటీ తెలుపు లేదు.

వెంకటకృష్ణ అక్కడే తడినేల మీద కూర్చుండిపోయాడు. వెంటనే వాగు దాటి చర్లలో పది కిలోల చక్కెర తెమ్మని రామన్నకు బండి తాళం ఇచ్చాడు. రామన్న పరుగు తీశాడు. ప్రమీల కూడా జంపక్క వీపు మీద ఒక్కటి చరిచి నవ్వింది.

జంపక్క మాత్రం చేతులు కడుక్కోలేదు. పొద్దుటి నుంచీ ఒక సంగతి ఆమెను గుచ్చుతోంది. చారలున్న పెట్టెల కింద పాకే ఈగలు రెండో మూడో ఉన్నాయి. చార ఒక్కటీ లేని ఆరో పెట్టె కింద ముప్పైకి తక్కువ లేవు. వాటి రెక్కలు ముడుచుకోవడం లేదు, అటొకటి ఇటొకటి ఎడంగా తెరుచుకుని ఉన్నాయి. ఆమె మసిబొట్టు పెట్టెల వైపు నడిచింది.

"నావి సాఫ్‌గనే ఉన్నయ్ గద అక్కా, వాటినెందుకు చంపుతవ్?" అంది ప్రమీల.

"మూడే చెల్లే. మూడు చూసి ఇడిచిపెడ్త."

ముందు చూసిన ఏడో పెట్టె బాగుంది. ఆరో పెట్టె మొదటి ఈగ పేగు ఆకు మీద పెట్టగానే వెంకటకృష్ణ కూర్చున్న చోటు నుంచి లేచాడు. అన్నం మెతుకంత తెల్లగా ఉంది. ఉబ్బి ఉంది. గీతలు లేవు. రెండోదీ తెలుపే. మూడోదీ.

ఈ జబ్బు ఒక్కోసారి మరకే వేయదని ఆయన అప్పుడు చెప్పాడు. తన తోటలో ఎనభై పెట్టెలు పోయిన ఏడు తాను కూడా మూతులు శుభ్రంగా ఉన్నాయి కదా, అదే తగ్గుతుందిలే అని వారం రోజులు ఆగానని నెమ్మదిగా అన్నాడు. జంపక్క ఇప్పపువ్వు పోయకపోతే, ఆ చారలు పడకపోతే, ఎవరూ ఈగ కడుపు తెరిచి చూసేవారు కాదు. తెల్ల పేగు ఆరో పెట్టెలోనే ఉండి మెల్లగా పన్నెండిటికీ పాకేది.

ప్రమీల ఆకు వైపు చూస్తూ నిలబడింది. "చక్కెరనే పోసిన గద సారూ."

"నువ్వు మంచిగనే సాకినవ్ చెల్లే," అంది జంపక్క. "ఇది పోసినదానితోని వచ్చింది కాదు. నా తప్పు నాది, దీంట్ల నీ తప్పు లేదు."

పొద్దు వాలాక ఆరో పెట్టె మూతి మూసి, దూరంగా మోసుకుపోయి కాల్చారు. తెచ్చిన కిరోసిన్‌లో పావువంతు కూడా పట్టలేదు. అది కాలుతున్నప్పుడు జంపక్క పెరట్లోకి వెళ్లి, తన మొదటి పెట్టె మూత మీది సున్నపు బొట్టును తడి గుడ్డతో తుడిచి, పొయ్యిలోంచి మసి తీసి దాని మీద బొట్టు పెట్టింది. ప్రమీల చూసింది.  మర్నాడు పొద్దున్నే వచ్చి కొబ్బరి చిప్పలన్నీ వేడినీళ్లతో తనే కడిగింది.

వెళ్లేముందు వెంకటకృష్ణ భుజం మీది తువ్వాలు తీసి పెట్టెల ముందు పరిచాడు. రోజూ సాయంత్రం తాజా చక్కెర నీళ్లు పోయమని, పొద్దున్నే దీని మీద ఏం పడిందో చూసి ఫోన్ చేయమని చెప్పాడు. నేల మీద పాకే ఈగ కనిపిస్తే దాని పేగు చూడమన్నాడు. మొదటి రోజు తువ్వాలు నిండా గోధుమ రంగు చారలు. జంపక్క గోడ మీద బొగ్గు గీతలు పెట్టి లెక్కించబోయి, గోడ సరిపోదని మానేసింది. మూడో రోజు చారలు పొట్టివయ్యాయి. నాలుగో రోజు వాటి మధ్య ఒక్క పసుపు చుక్క కనిపించింది. ఆమె ప్రమీలను పిలిచి, ఆ ఒక్క చుక్కను చూపించింది. ఆరో రోజు పొద్దున్న తువ్వాలు మీదికి వంగి, చివరి నుంచి చివరి దాకా రెండుసార్లు చూసి, జావ పొయ్యి మీదే వదిలేసి బండ దాకా పరుగెత్తింది.

"సారూ, పసుపు. అన్నీ పసుపే."

ఆయన మళ్లీ చెప్పమన్నాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి బండ కింద పోడు చేలో ఉన్నవాళ్లకు కూడా వినిపించింది. జావ మాడిపోయింది.

ఇప్పపువ్వు రసం పోసిన పది పెట్టెల్లో ఒక్కటీ పోలేదు. ఆ చలికాలం అడవి పూసినప్పుడు వాటిలో నాలుగింటి ఈగలు పెరిగి రెండేసి పెట్టెలయ్యాయి. ఇప్పుడు చుట్టుపక్కల కోయ గూడేల్లో ఎక్కడ పెట్టె ముందు ఈగలు పాకినా జంపక్కకు కబురు వస్తుంది. నిరుడు వెంకటకృష్ణ తన మామిడి తోట పెట్టెలు చూడమని పెనుబల్లి పిలిపించాడు. ఆమె ఆరున్నరకు చర్లలో బస్సెక్కి, మోదుగాకులు అక్కడ దొరుకుతాయో లేదోనని సంచిలో పట్టుకుపోయింది. ఆయన తువ్వాలు తిరిగి ఇస్తానంటే వద్దన్నాడు. అది చిరిగిపోయింది, ఇప్పుడు వాడేది మూడోది.

ఈ మధ్య దగ్గరి చూపు ఆనక భద్రాచలంలో కళ్లద్దాలు కొనుక్కుంది. ఈగ పేగు చూసేటప్పుడు తప్ప వాటిని పెట్టుకోదు. మద్దిగుంపులో ఈ రోజుకు ముప్పై నాలుగు పెట్టెలు ఉన్నాయి. వాటిలో సున్నపు బొట్టువి ఎనిమిది, మసిబొట్టువి తొమ్మిది.